పటంలో లేని హనుమకొండ

తార్నాకలో ఉండేవాళ్లు సికింద్రాబాద్ ఎంపీకి ఓటేస్తారు. నాలుగడుగులు ముందుకేసి హబ్సిగూడ చేరితే ఓటు మల్కాజిగిరిది. ఈ గీతకు చెరో పక్కన కాపురం ఉంటున్న బావాబామ్మర్దులిద్దరు పొద్దున్నే ఉస్మానియా క్యాంపస్‌లో ఆర్ట్స్ కాలేజీ దాకా నడిచి వస్తుంటారు. తార్నాక బావది హనుమకొండ. పొలిటికల్ సైన్సు చెప్పి రిటైరైనవాడు. తొలి ఓటు 1977లో అక్కడే వేశాడు. హబ్సిగూడ బామ్మర్ది గణాంకాల శాఖలో పనిచేసి దిగినవాడు. 2009 ఎన్నికలతో కనుమరుగైన హనుమకొండ లోక్‌సభ స్థానం మీద ఇద్దరికీ పడిన వాదన ఇది. తిట్లు తీసేసి రాస్తున్నాను.

బామ్మర్ది: ఇన్నేండ్లసంది తార్నాకల ఉంటున్నవ్. ఎవరన్న నీ నియోజకవర్గమేదని అడిగితే ఇప్పటికీ హనుమకొండ అనే చెప్తవ్. లేని సీటుకు ఓటరువు ఎట్లయితవ్ బావా?

బావ: లేదని పటం చెప్తది. పార్లమెంటు రికార్డు ఉన్నదనే చెప్తది. 1977 నుంచి 2004 దాకా తొమ్మిది సాధారణ ఎన్నికలు, 2008ల ఒక ఉప ఎన్నిక. గెలిచినోళ్లు ఐదుగురు, వాళ్ల పార్టీలు నాలుగు. ఇందిర కాలం, ఎన్టీఆర్ కాలం, ఢిల్లీల పీవీ కాలం, తెలంగాణ ఉద్యమం... ఏ గాలి వీచినా మా దగ్గర ఆకు కదిలింది.

బామ్మర్ది: గాలి అన్ని ఊర్లల్ల వీచింది గాని, ఆ సీటు పుట్టుక చెప్పు ముందుగాల. 1971 జనాభా లెక్కలు పట్టుకొని ఢిల్లీల కూసున్నోళ్లు కొత్తగ గీత గీస్తే పుట్టింది. 1977కు ముందు హనుమకొండ పేరుతోని ఎంపీ లేడు. గీతతోని వచ్చింది, గీతతోనే పోయింది. కాకతీయుల కోట కూలినట్టు ఏడుస్తవెందుకు?

బావ: పుట్టుక గీతతోనే కావచ్చు. ఆ తర్వాత మనుషులు అండ్ల బతికిన్రు కదా. 1977ల దేశమంతటా ఇందిరమ్మ ఓడిపోతే ఆంధ్రప్రదేశ్‌ల 42కు 41 కాంగ్రెస్‌కు వచ్చినయ్. పోయింది నంద్యాల ఒక్కటే, అక్కడ జనతా నుంచి నీలం సంజీవరెడ్డి గెలిచిండు. ఆ 41ల ఒకటి హనుమకొండ, మనిషి పీవీ. మంథని నుంచి ఇరవై ఏండ్లు ఎమ్మెల్యే, ముఖ్యమంత్రి చేసిండు, భూసంస్కరణలకు పూనుకున్నడు, జై ఆంధ్ర గొడవల కుర్చీ దిగిండు. అట్లాంటి మనిషిని లోక్‌సభకు మొదలు పంపింది మేము. 1980ల మళ్ల పంపినం, విదేశాంగ మంత్రి అయిండు.

బామ్మర్ది: 1980ల గూడ కాంగ్రెస్‌కు 41 వచ్చినయ్ బావా. చేతి గుర్తు మీద ఎవరిని నిలబెట్టినా గెలిచే రోజులు. నువ్వు పీవీకి ఓటేసిన అనుకుంటున్నవ్, పెట్టె మాత్రం ఇందిరమ్మకు వేసిందనే చెప్తది.

బావ: సరే, ఆ రెండు ఇందిరమ్మ ఖాతాలనే రాస్కో. 1984 ఎవరి ఖాతాల రాస్తవ్?

(ఇక్కడ ఇద్దరూ నడక ఆపేశారు. ఆ ఏడాది మాటెత్తితే హనుమకొండ వాళ్లు ఎక్కడున్నా నిలబడిపోతారని నా అనుభవం.)

బావ: ఇందిరమ్మను చంపి రెండు నెలలు కాలేదు. రాజీవ్ గాంధీకి నాలుగు వందల పైచిలుకు సీట్లు. గ్వాలియర్ల వాజపేయి అంతటోడు ఓడిపోయిండు. బీజేపీకి దేశం మొత్తంల రెండే రెండు. ఒకటి గుజరాత్‌ల మెహసానా, అక్కడ ఏ.కె. పటేల్. ఇంకోటి మాది. చందుపట్ల జంగారెడ్డికి 2,63,762 ఓట్లు. కేంద్ర హోంమంత్రిగ ఉన్న పీవీ నరసింహారావుకు 2,09,564. తేడా 54,198. ఈ మూడు అంకెలు నాకు నా ఫోను నంబరు కంటే బాగ గుర్తు.

బామ్మర్ది: అంకెలు నాకు చెప్తున్నవా? పక్కన ఇంకో అంకె పెట్టు. అదే ఎన్నికల ఆంధ్రప్రదేశ్‌ల తెలుగుదేశానికి 30, కాంగ్రెస్‌కు ఆరంటే ఆరు. ఎన్టీఆర్ తన మిత్రులకు కొన్ని సీట్లు వదిలిండు, మీ సీటు బీజేపీకి పోయింది, ఆ ఓట్లు జంగారెడ్డికి పడ్డయ్. మిర్యాలగూడల సీపీఎం భీమిరెడ్డి నర్సింహారెడ్డి గెలిచింది గూడ ఆ ఏడే. ఒక జిల్లాల కాషాయం, పక్క జిల్లాల ఎర్రజెండా. రెండిటి కింద ఉన్నది మాత్రం పసుపు. ఇండ్ల హనుమకొండ గొప్పతనమేముంది?

బావ: జంగారెడ్డిని గాలికి కొట్టుకొచ్చినోడు అనకు. 1967లనే జనసంఘ్ మనిషిగ పరకాల నుంచి అసెంబ్లీకి పోయిండు. శాయంపేట నుంచి గూడ గెలిచిండు. ఎన్టీఆర్ పార్టీ పెట్టకముందు పదిహేనేండ్లసంది ఆ ఊర్లకు తెలిసిన మొఖం. ఢిల్లీ పోయిన పీవీ ఊరికి వస్తే వార్త. జంగారెడ్డి ఊర్ల లేకుంటే వార్త.

బామ్మర్ది: ఇది బాగానే ఉంది.

బావ: అసలు సంగతి ఇంకా చెప్పలే. 1984 ఆగస్టుల గవర్నర్ రాంలాల్ ఎన్టీఆర్‌ను దించి నాదెండ్ల భాస్కరరావును ఎక్కించిండు. నెల తిరిగే సరికి మళ్ల ఎన్టీఆర్‌నే కూసోబెట్టక తప్పలే. గవర్నర్లు ఏ శాఖ కింద ఉంటరు?

బామ్మర్ది: హోం.

బావ: హోంమంత్రి ఎవరు? ఆ జులై నుంచి పీవీ. నిర్ణయం ఎవరిదో, ఇందిరమ్మదో, ఇంకెవరిదో, ఆ లోపలి ముచ్చట ఓటరుకు అక్కర లేదు. కుర్చీల ఉన్నది ఎవరో అది తెలుసు. రాష్ట్రంల కాంగ్రెసోళ్లు అందరూ ఆ పాపానికి ఓడిపోయిన్రు, నిజమే. కాని ఆ శాఖ మంత్రి నిలబడ్డ సీటు ఒక్కటే ఉండె. లెక్క అడిగే అవకాశం ఒక్క మాకే వచ్చింది, అడిగినం.

బామ్మర్ది: అడిగిన్రు! అడిగితే ఏమైంది? మీ తీర్పు మీద ఆయనకు ముందే అనుమానం ఉన్నట్టుంది, మహారాష్ట్రల రాంటెక్‌ల గూడ నామినేషన్ ఏసిండు. అక్కడ గెలిచిండు. ఇక్కడ ఓడిపోయిన మనిషి కొత్త ప్రభుత్వంల రక్షణ మంత్రి అయిండు. మీరు తలుపు మూసిన్రు, ఆయన పక్కింటి తలుపు తీసుకొని పోయిండు. శిక్ష అంటే గిదా? కాంగ్రెస్‌కు మిగతా 35 సీట్లల్ల ఓడిపోయినోళ్లు ఇంట్ల కూసున్నరు, లెక్క వాళ్లతోనే తీరింది.

బావ: (కాసేపు మాట్లాడకుండా) ఆ మాట కొంత నిజమే. ఒక మనిషి రెండు చోట్ల పోటీ చేస్తే ఓటరు చేతిల ఉన్న బెత్తం సగమే. అయినా సగం బెత్తం గూడ తగిలింది. 1989ల ఆయన మా దిక్కు రాలే, రాంటెక్‌కే పోయిండు. 1991ల ప్రధాని అయ్యే నాటికి ఎంపీ గాడు, ఆరు నెలల్ల గెలవాలె. అప్పుడు గూడ నంద్యాల పోయిండు.

బామ్మర్ది: పోక? హనుమకొండల అప్పటికే వాళ్ల పార్టీ మనిషే ఉన్నడు. నంద్యాల సీటు ఖాళీ చేసి ఇచ్చిన్రు. తెలుగోడు ప్రధాని అయిండని తెలుగుదేశం పోటీ గూడ పెట్టలే. 5 లక్షల 80 వేల మెజారిటీ. అన్ని సౌకర్యాలు ఉన్నకాడికి పోకుండ, ఒక్కసారి ఓడగొట్టిన ఊరికి ఎవరొస్తరు?

బావ: అదే నేను చెప్పేది. మంథని శాసనసభకు పంపింది, హనుమకొండ లోక్‌సభకు పంపింది. తెలుగు నేల నుంచి ప్రధాని అయిన ఒకే ఒక్క మనిషి, స్వగ్రామం వంగర మా పక్కనే ఉండి గూడ, ప్రధానిగ ఓటు అడిగింది రాయలసీమల. 1984 లేకుంటే ఆ కథ ఇంకో తీరుగ ఉండేది.

బామ్మర్ది: లేకుంటే అన్న మాటకు గణాంకాల కాలమ్ లేదు బావా.

(ఆ ఒక్క పాయింటు బామ్మర్దికి ఇచ్చాను.)

బావ: సరే, కాలమ్‌ల పట్టే ముచ్చటనే చెప్త. బీజేపీని గెలిపించిన ఆ ఊర్లే 1989ల ఎవరిని పంపినయ్? కమాలుద్దీన్ అహ్మద్‌ను. 1991ల మళ్ల ఆయననే. 1996ల మళ్ల ఆయననే. పీవీ సర్కారుల సహాయ మంత్రిగ గూడ చేసిండు. హైదరాబాద్ పాతబస్తీ గాదు అది, ముస్లింలు కొద్దిమందే ఉన్న పల్లెల సీటు. దేశమంతటా అయోధ్య పేరు మీద ఓట్లు చీలుతున్న రోజులు. ఐదేండ్ల కింద కాషాయం, ఇప్పుడు కమాలుద్దీన్. అప్పుడు మతం చూసి ఏసిన్రా, ఇప్పుడు మతం చూసి ఏసిన్రా? రెండు సార్లూ గాదు. 1984ను పట్టుకొని హనుమకొండ అప్పుడే హిందూత్వ కోట అయిందని రాసేటోళ్లు 1989 దగ్గర పేజీ తిప్పేస్తరు.

బామ్మర్ది: ఇది నేను ఆలోచించలే. అయితే నా మాటకే బలం వచ్చింది చూడు. గుర్తుకు పడ్డ ఓటు అది. 1984ల కాంగ్రెస్ వ్యతిరేక ఓటు, 1989ల తెలుగుదేశం వ్యతిరేక ఓటు. ఆ ఏడు రాష్ట్రంల ఎన్టీఆర్ ప్రభుత్వమే పోయింది. 1998, 99లల్ల చాడ సురేశ్‌రెడ్డి తెలుగుదేశం నుంచి గెలిచిండంటే అది చంద్రబాబు గాలి. 2004ల వినోద్ కుమార్ టీఆర్ఎస్ నుంచి గెలిచిండంటే కాంగ్రెస్‌తోని పొత్తు. మీ ఊరికి సొంత బుద్ధి ఉన్నదని ఎక్కడ రుజువైంది?

బావ: 2008ల.

బామ్మర్ది: ఉప ఎన్నికనా?

బావ: 2004ల టీఆర్ఎస్‌కు ఐదు లోక్‌సభ సీట్లు వచ్చినయ్. పొత్తుల వచ్చినయనే అందాం. 2008 మార్చిల తెలంగాణ ఇస్తలేరని నలుగురు ఎంపీలు, పదహారు మంది ఎమ్మెల్యేలు రాజీనామా చేసిన్రు. మే నెలల ఉప ఎన్నికలు. ఈసారి పొత్తు లేదు. కాంగ్రెస్, తెలుగుదేశం రెండూ ఎదురుగ నిలబడ్డయ్. అసెంబ్లీ సీట్లు పదహారుకు ఏడే నిలబడ్డయ్. లోక్‌సభల ఆదిలాబాద్ కాంగ్రెస్‌కు పోయింది, పక్కనున్న వరంగల్ తెలుగుదేశానికి పోయింది. నిలబడ్డయి రెండే, కరీంనగర్ల కేసీఆర్, హనుమకొండల వినోద్. వరంగల్, హనుమకొండ పక్కపక్కనే ఉన్నయ్ బామ్మర్దీ. ఒకే గాలి. ఒకటి పడిపోయింది, ఒకటి నిలబడ్డది. గాలి ముచ్చటతోని ఇది చెప్పు.

బామ్మర్ది: అభ్యర్థిని బట్టి...

బావ: ఆ! అభ్యర్థిని బట్టి, ఊరిని బట్టి. నేను పొద్దుటిసంది చెప్తున్నది అదే. ఇంకో వింత చూడు. ఆ ఓటు పడే నాటికి మా సీటు కాయితం మీద చచ్చిపోయి మూడు నెలలు. నియోజకవర్గాల పునర్విభజన ఉత్తర్వు 2008 ఫిబ్రవరిల అమల్లకు వచ్చింది. పాత లోక్‌సభ రద్దయ్యే దాకా పాత గీతలే చెల్లుతయని ఉప ఎన్నిక పాత హనుమకొండకే పెట్టిన్రు. ఉండదని రాసిపెట్టిన నియోజకవర్గం, రాని రాష్ట్రం కోసం ఓటేసింది.

బామ్మర్ది: మాట బాగుంది, కంట్ల నీళ్లు గూడ వస్తయ్. ఇగ నా మాట విను. అంతకుముందు కొత్త గీతలు వచ్చింది 1971 లెక్కలతోని. తర్వాత ముప్ఫై ఏండ్లు ఎవరూ ముట్టుకోలే. ఆ ముప్ఫై ఏండ్లల్ల పల్లెలన్నీ హైదరాబాద్ చుట్టూ వచ్చి పడ్డయ్. నువ్వు గూడ వచ్చినవ్. జస్టిస్ కుల్దీప్ సింగ్ కమిషన్ 2001 లెక్కలు తీస్కొని గీస్తే సిద్దిపేట, మిర్యాలగూడ, హనుమకొండ, భద్రాచలం పోయినయ్. మల్కాజిగిరి, చేవెళ్ల, భువనగిరి, జహీరాబాద్, మహబూబాబాద్ వచ్చినయ్. మనుషులు ఏడికి పోతే సీటు ఆడికి రావాలె. న్యాయమే కదా?

బావ: న్యాయమే. అయితే ఆ న్యాయం మల్కాజిగిరిల ఎట్లున్నది?

బామ్మర్ది: అది నన్ను అడుగు, నేనుండేది ఆడనే! దేశంల అన్నిటికంటే ఎక్కువ ఓటర్లున్న సీటు. 2024ల 37 లక్షలు దాటిన్రు. మహబూబాబాద్‌ల పదిహేను లక్షల చిల్లర. నా ఓటు విలువ మహబూబాబాద్ ఓటరు దాంట్ల సగం గూడ లేదు. గీతలు తరచుగ గీయకుంటే ఇట్లయితది. నువ్వు పాత సీటు మీద ప్రేమ అంటవ్, ఆ ప్రేమ ఖర్చు నేను కడుతున్న. ఇంకో మాట. పాత పటంల వరంగల్ జిల్లాల దళితులకు గాని గిరిజనులకు గాని రిజర్వయిన ఒక్క లోక్‌సభ సీటు లేకుండె. వరంగల్ జనరల్, హనుమకొండ జనరల్. ఇప్పుడు వరంగల్ ఎస్సీ, మహబూబాబాద్ ఎస్టీ. మీ హనుమకొండ చరిత్రల గెలిచిన ఐదుగురి పేర్లు మళ్ల చదువు. పీవీ, జంగారెడ్డి, కమాలుద్దీన్, సురేశ్‌రెడ్డి, వినోద్. అండ్ల ఒక్క దళితుడున్నడా, ఒక్క లంబాడీ ఉన్నడా?

(బావ జవాబు చెప్పలేదు. చెప్పడానికి ఏమీ లేదు కూడా. సిద్దిపేట పోతే అక్కడి ఎస్సీ రిజర్వేషన్ వరంగల్‌కు వచ్చినట్టయింది, ఒక చోట పోయి ఇంకో చోట వచ్చిందని అనవచ్చు. ఎస్టీలకు మాత్రం నిజంగానే పెరిగింది. భద్రాచలం ఒక్కటి ఉన్నచోట ఆదిలాబాద్, మహబూబాబాద్ రెండు వచ్చాయి.)

బావ: నువ్వన్నది కాదనను. రిజర్వేషన్ రావాలె, ఓటుకు ఓటు సమానం గావాలె. నేను అడిగేది ఒక్కటే. సీటు పోతే దాంతోని ఏమేం పోతయో ఎవరన్న లెక్క పెట్టిన్రా? మిర్యాలగూడనే చూడు. సాయుధ పోరాటంల నుంచి వచ్చిన భీమిరెడ్డి నర్సింహారెడ్డిని 1971ల, 84ల, 91ల, మూడు సార్లు పంపిన సీటు. అది పోయినంక తెలంగాణ నుంచి కమ్యూనిస్టు ఎంపీ ఒక్కడు లేడు.

బామ్మర్ది: ఇక్కడ దొరికినవ్. 1991 తర్వాత మిర్యాలగూడల సీపీఎం గెలిచిందా? 1996, 98లల్ల బద్దం నర్సింహారెడ్డి, 1999, 2004ల జైపాల్‌రెడ్డి. అందరూ కాంగ్రెస్సే. మరి నల్లగొండ సీటు పోలే కదా? 2004ల అక్కడ సీపీఐ సురవరం సుధాకర్‌రెడ్డి గెలిచిండు, 2009ల అదే నల్లగొండల అదే మనిషి ఓడిపోయిండు. సీటు ఉన్న దగ్గర గూడ జెండా దిగింది. గీతలను తిట్టి లాభం లేదు. పార్టీ కింద నేల జారింది.

బావ: మిర్యాలగూడ ముచ్చట వాపసు తీసుకుంటున్న. హనుమకొండ ముచ్చట తీసుకోను. 2004ల, 2008ల వినోద్‌కు ఓటేసినోళ్లు 2009ల ఆయన పని మీద తీర్పు చెప్పాలంటే ఎక్కడ చెప్పాలె? సీటే లేదు. ఆయన కరీంనగర్ పోయి నిలబడ్డడు, ఓడిపోయిండు. ఓడగొట్టినోళ్లల్ల చానమంది ఆయనకు మునుపు ఓటేసినోళ్లు గాదు. గెలిపించినోళ్లేమో ఇంకో సీటుల, ఇంకెవరి గురించో తీర్పు చెప్తున్నరు. మంచి చేసిండో చెడు చేసిండో, పంపినోళ్లకు చెప్పే హక్కు పోయింది. పీవీని మేము అడగగలిగినం అంటే 1977ల, 80ల, 84ల ఒకే గీత ఉండబట్టి.

బామ్మర్ది: అట్లయితే ఎన్నడూ గీత మార్చొద్దా?

బావ: మార్చాలె. పునర్విభజన చట్టంల తొమ్మిదో సెక్షన్ చదివినవా? నియోజకవర్గం ఒక ముద్దగ ఉండాలె, వాగులూ గుట్టలూ చూడాలె, జిల్లా హద్దులు చూడాలె, రాకపోకలు చూడాలె, జనానికి సౌకర్యం చూడాలె అని రాసి ఉన్నది. పాత ఓటర్లను సాధ్యమైనంత కలిపి ఉంచుమన్న మాట అండ్ల లేదు. వాగుకు ఉన్న విలువ ఓటరుకు లేదు. అది చేర్చుమంటున్న. అంతే.

బామ్మర్ది: జనాభా సమానం అయినంక, రిజర్వేషన్ కుదిరినంక, మిగిలిన వెసులుబాటులనా?

బావ: ఆ తర్వాతనే.

బామ్మర్ది: అట్లయితే నేను సంతకం పెడ్త. అయినా ఒకటి గుర్తుంచుకో. 2021ల వరంగల్ అర్బన్ జిల్లా పేరు మార్చి హనుమకొండ జిల్లా చేసిన్రు. పేరు మీకు మళ్ల దొరికింది.

బావ: పేరు దొరికింది, వంగర గూడ ఆ జిల్లాకే వచ్చింది. కలెక్టర్ను అడగొచ్చు. ఎంపీని అడగాలంటే మా ఊరోళ్లు వరంగల్ దిక్కు చూడాలె.

వాళ్లిద్దరూ తార్నాక వైపు మళ్లారు. నా మాట నాలుగు ముక్కల్లో చెబుతాను.

లెక్కల విషయంలో బామ్మర్దితోనే ఉంటాను. 37 లక్షల మందికి ఒక ఎంపీ, పదిహేను లక్షల మందికి ఒక ఎంపీ అన్నది ఏ జ్ఞాపకాల పేరు మీదా సమర్థించుకోలేని అన్యాయం. కానీ 1984 తీర్పును కేవలం ఎన్టీఆర్ గాలి అని కొట్టిపారేయడం, 2008 తీర్పును కేవలం సెంటిమెంట్ అని కొట్టిపారేయడం నాకు నచ్చదు. పక్కనే ఉన్న వరంగల్ ఓడించిన పార్టీని హనుమకొండ నిలబెట్టింది. దానికి లెక్కల శాఖ దగ్గర జవాబు లేదు.

సీట్ల సంఖ్యను 1971 జనాభా దగ్గర ఆపిన రాజ్యాంగ నిబంధన 2026 తర్వాత జరిగే మొదటి జనగణన లెక్కలు వచ్చే దాకానే. ఆ జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. దక్షిణాదికి సీట్లు తగ్గుతాయా పెరుగుతాయా అన్న గొడవ పేపర్లలో రోజూ చదువుతున్నాం. రాష్ట్రం లోపల ఏ సీటు పోతుంది, ఏ మండలం ఎటు వెళుతుంది అన్నది మాత్రం పునర్విభజన ముసాయిదా వచ్చాకే తెలుస్తుంది. కమిషన్‌లో సహ సభ్యులుగా కూర్చునే ఎంపీలకు, ఎమ్మెల్యేలకు ఓటు హక్కు ఉండదు. తుది ఉత్తర్వు వెలువడ్డాక రాజ్యాంగం 329వ అధికరణం ప్రకారం దాన్ని ఏ కోర్టులోనూ ప్రశ్నించడం కుదరదు. ముసాయిదా గెజిట్‌లో వచ్చినప్పుడు అభ్యంతరాలకు ఇచ్చే గడువు, ఆ తర్వాత పెట్టే బహిరంగ విచారణ, ఈ రెండే మన చేతిలో ఉన్నవి. ఆ కాగితం వచ్చిన రోజు మీ ఊరి పేరు ఎక్కడ పడిందో వెతకండి. నచ్చకపోతే గడువు లోపు రాసి పంపండి.